ఒంటి తుమ్ముతో కటూంబా

గడప దగ్గర

తుమ్మింది నేనే. అది కూడా ఒక్కటే తుమ్ము.

రజిత అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని ఒక కాలు గడప బయట పెట్టింది. సిడ్నీలో, వెస్ట్‌మీడ్ ఆస్పత్రి వెనక వీధిలో మేమిద్దరం అద్దెకుంటున్న ఫ్లాటుకి నిజానికి గడప అంటూ ఏమీ లేదు. తలుపు కింద ఒక ఇనప పట్టీ ఉంది, అంతే. జగిత్యాల నుంచి వచ్చిన రజితకి మాత్రం అదే గడప. దాని మీద నిలబడనివ్వదు, దానికి అటూ ఇటూ నిలబడి చేతికి ఏమీ అందించనివ్వదు. నేను తుమ్మగానే బయట పెట్టిన కాలు లోపలికి తీసుకుంది. బ్యాగు దింపింది. చెప్పుల స్టాండు మీద కూర్చుని, బాటిల్ మూత తీసి, తీరిగ్గా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

మాది నరసాపురం. మా నాన్న చర్చిలో సంఘపెద్ద. మా ఇంట్లో శకునాలూ రాహుకాలాలూ లేవు. ప్రార్థన చేసుకుని, ఆమెన్ అని, బయల్దేరడమే. రజితది మరో లోకం. ఒంటి తుమ్ము చెడ్డదట, రెండు వెంటవెంటనే వస్తే మంచిదట. ఒకసారి సరదాకి నేను దొంగ తుమ్ము తుమ్మితే "గిసొంటివాటితోని పరాచికాలు ఆడొద్దు కరుణా" అని నిజంగానే కోప్పడింది. ఇంకో రోజైతే "నీ పిచ్చి గానీ, లేవవే తల్లీ, రైలు పోతుంది" అని చెయ్యి పట్టుకు లాగేదాన్ని. ఆ రోజు లాగడానికి లేదు. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

ఎందుకో చెబుతాను. నేను నర్సింగ్, రజిత ల్యాబ్ కోర్సు. ఒకే గదిలో, ఒకే హీటరు దగ్గర చేతులు కాచుకుంటూ రెండేళ్ళు బతికాం. ఆఖరి పరీక్షలు అవగానే బ్లూ మౌంటెన్స్‌లో కటూంబా అనే ఊరు వెళ్ళాలని ముందే గది తీసుకున్నాం. పరీక్షలైపోయాయి. ఇండియన్ కొట్లో కరివేపాకు ఏరుకుంటుంటే కొట్టు ఆంటీ "మీ రజిత మెల్‌బోర్న్ వెళ్ళిపోతోందిటగా! అక్కడ వెర్రిబీలో ఉద్యోగమట. నీ గదిలోకి కొత్త పిల్లని చూడమంటావా?" అంది. ఆంటీకి తెలుసు. ఆంటీ పక్కన చింతపండు తూయించుకుంటున్నావిడకీ తెలుసు. నాకు తెలియదు! ఇంటికొచ్చి "పోయేదానివి పో, నాకేం" అన్నాను. "పోతనే" అంది. అంతే, మాటలు ఆగిపోయాయి.

వచ్చే శనివారం తన ప్రయాణం. ఈలోగా మాట కలవకపోతే ఇక కలవదని నాకు లోపల ఒకటే భయం. అలా చేజారిన స్నేహాలు నేను చూశాను. మొదట కోపం ఉంటుంది, తర్వాత బిడియం, ఆ తర్వాత పుట్టినరోజుకి ఒక కేకు బొమ్మ పంపడం. ఆ కేకు బొమ్మ దాకా వెళ్ళకూడదని నా ఆశ. కానీ ముందు నేనెందుకు మాట్లాడాలి?

మరి కటూంబా ఎందుకు వెళ్ళారని మీరడగొచ్చు. మానేద్దామా అని అడగాలంటే మాట్లాడాలి కదా! అందుకని ఇద్దరం బయల్దేరాం. రజిత నీళ్ళు తాగడం పూర్తయ్యేసరికి మా రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలు ఎక్కాం.

రైల్లో వీపులు

సిడ్నీ రైళ్ళలో ఒక సుఖం ఉంది. సీటు వీపుని పట్టుకుని అటు తోస్తే అటు, ఇటు తోస్తే ఇటు తిరుగుతుంది. నలుగురు కలిసి వెళ్తే ఎదురెదురుగా కూర్చోవచ్చు. అలిగినవాళ్ళకి కూడా ఇది బాగా పనికొస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఒక సీట్లో కూర్చోగానే రజిత ముందు సీటు వీపుని ఠపీమని అటు తోసి, నాకు జడ మాత్రం కనపడేలా కూర్చుంది. కటూంబా దాకా నేను చూసిన దృశ్యాల్లో సగం ఆ జడే.

మిగతా సగం చెట్లు. మైదానం అయిపోయి రైలు కొండెక్కడం మొదలుపెట్టాక రెండువైపులా యూకలిప్టస్ అడవే. ఆ ఆకుల నూనె గాలిలో కలిసి, ఎండపడినప్పుడు దూరానికి కొండలు నీలంగా కనిపిస్తాయట. అందుకే ఆ పేరు. మా నాయనమ్మ జలుబు చేస్తే రుమాలు మీద వేసి ముక్కు దగ్గర పెట్టే నీలగిరి తైలం ఈ చెట్టుదే. చెట్టు ఇక్కడి నుంచి మన నీలగిరులకు వెళ్ళింది, నేను నరసాపురం నుంచి ఇక్కడికొచ్చాను. కిటికీ సందులోంచి ఆ వాసన తగలగానే నాకు నాయనమ్మ చెయ్యి గుర్తొచ్చింది. అప్పటికి నాకు జలుబు బాగానే పట్టుకుంది. మళ్ళీ తుమ్మాను. ముందు సీట్లో జడ కదిలింది. ఆవిడగారు తిరిగి చూస్తారేమో అనుకున్నాను. కిటికీ మూసి కూర్చుంది.

కటూంబా స్టేషన్లో దిగితే ఊరంతా ఒకే ఏటవాలు వీధి మీద కిందికి జారుతున్నట్టు ఉంటుంది. పూర్వం ఇక్కడ బొగ్గు తవ్వేవాళ్ళు. బొగ్గు అయిపోయాక పట్నం జనం చల్లగాలికి రావడం మొదలుపెట్టారట. మనవాళ్ళు ఊటీ వెళ్ళినట్టు, ఇక్కడి కొత్త దంపతులు కటూంబా వచ్చేవారు. ఆ కాలపు హోటళ్ళు, రంగు అద్దాల కిటికీలు, పాత సామాను కొట్లు ఇంకా ఉన్నాయి. ఒక కొట్లో మా అమ్మమ్మ వాడినదానిలాంటి ఇనప ఇస్త్రీ పెట్టె చూశాను. దాని ధర చూసి, అమ్మమ్మ దాన్ని పాత సామానువాడికి ఉల్లిపాయలకి వేసేసిన సంగతి తలుచుకుని నిట్టూర్చాను. పక్కనున్న మనిషికి చెప్పి నవ్వాల్సిన సంగతి అది. పక్కన మనిషి ఉంది, చెప్పడానికే లేదు.

పొగమంచులో ముగ్గురు

కటూంబాలో అందరూ చూసేది ముగ్గురు అక్కచెల్లెళ్ళనే మూడు రాతి శిఖరాలు. ఎకో పాయింట్ అనే చోట నిలబడితే లోయకి అవతల నిటారుగా కనిపిస్తాయి. మేము వెళ్ళేసరికి అంచున కట్టిన ఇనప కమ్మీకి అవతల తెల్లగా పొగమంచు తప్ప చీమ కూడా కనపడలేదు. జనం మాత్రం బోలెడు. అందరూ మర్యాదగా ఆ తెలుపుని ఫోటో తీసుకుంటున్నారు.

"చూడవే, సరిగ్గా నా వేలు కింద ఉంటాయి, పోయినసారి చూశాగా!" అని తెలుగు వినపడింది. సిడ్నీలోని పారమట్టా నుంచి వచ్చిన అంకుల్, ఆయన భార్య, వాళ్ళమ్మాయి. అమ్మాయి "నాన్నా, దేర్ ఈజ్ లిటరల్లీ నథింగ్ దేర్" అంటోంది. మమ్మల్ని చూడగానే ఆంటీ మొహం విప్పారింది. మనవాళ్ళు ఎక్కడ కలిసినా ముందు ఊరడుగుతారు, తర్వాత వీసా అడుగుతారు, ఆ తర్వాత డబ్బా మూత తీస్తారు. పులిహోర! ఆ చలికి, ఆ మంచుకి, ఇంగువ వాసన వేసేసరికి నా జలుబు ముక్కు కూడా విచ్చుకుంది.

అంకుల్ కథ చెప్పారు. ముగ్గురు కూతుళ్ళని శత్రువుల నుంచి కాపాడటానికి తండ్రి మంత్రం వేసి రాళ్ళుగా మార్చాడట. తిరిగి మనుషుల్ని చేసే లోపే ఆ తండ్రి పోయాడట. వీళ్ళు అలాగే ఉండిపోయారు.

"అయ్యో, పక్కపక్కనే ఉండి మాట్లాడుకోడానికి కూడా లేదు కదండీ పాపం" అంది ఆంటీ. తర్వాత మా వైపు చూసి, "మీరిద్దరూ అక్కాచెల్లెళ్ళా? ఒక్కలాగే మూతి ముడుచుకున్నారూ!"

"కాదాంటీ" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆ తర్వాత మళ్ళీ మూతులు బిగించాం.

అంకుల్ ఊరుకోలేదు, ఫోటో తీస్తానన్నారు. "దగ్గరికి జరగండమ్మా. ఇంకొంచెం. ఏంటమ్మా మధ్యలో బస్సు పోయేంత చోటు?" ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. రెండు చివర్లా ఇద్దరు అమ్మాయిలు, మధ్యలో పొగమంచు.

మధ్యాహ్నం అడవిదారి పట్టాం. కొండ అంచు వెంబడి ఫెర్న్ మొక్కల మధ్యగా నడిచే దారి. ఇక్కడో ఆచారం ఉంది. పట్నంలో లిఫ్టులో మొహం చూడనివాళ్ళు కూడా అడవిలో ఎదురైతే తప్పనిసరిగా పలకరిస్తారు. పలకరించకపోతే తప్పు. దాంతో మేమిద్దరం ముందొకరూ వెనకొకరూగా నడుస్తూ, వచ్చిన ప్రతి ముసలాయన్నీ, ప్రతి కుక్కనీ హలో హలో అని పలకరించాం. ఒకళ్ళనొకళ్ళం తప్ప అడవిలో అందరితో మాట్లాడాం. మధ్యలో నేను తుమ్మితే కర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ "బ్లెస్ యూ, లవ్" అని దీవించి పోయింది. మన దగ్గర పిల్లలు తుమ్మితే చిరంజీవ అంటారు, పెద్దవాళ్ళు తుమ్మితే మాత్రం ప్రయాణం ఆపుకుంటారు. ఇక్కడ ఎవరు తుమ్మినా దీవెనే. ఈ పద్ధతే నాకు నచ్చింది, ముఖ్యంగా ఆ రోజు.

ఒక బల్ల దగ్గర ఆగి తిండి విప్పాం. వేరువేరుగా సర్దుకున్న తిండి. నాది గోంగూర అన్నం, తనది వాళ్ళమ్మ పంపిన సకినాలు. తను సకినం తీసి నోటి దాకా తెచ్చిందో లేదో, చెట్టు మీంచి నల్లటి పిట్ట ఒకటి రివ్వున దిగి దాన్ని చేతిలోంచి తన్నుకుపోయింది. ఎదుటి కొమ్మ మీద కూర్చుని కరకరా నమలడం కూడా వినపడింది.

"ఓరి నీ పాడుగాను! మా అమ్మ చేసినయ్‌రా అవి!" అని అరిచింది రజిత.

నేను గోంగూర అన్నం గొంతుకి అడ్డం పడేంత నవ్వాను. తన పెదవి కూడా ఒక పక్కకి వంకర పోయింది, నేను చూశాను. కానీ వెంటనే డబ్బా మూత బిగించి లేచింది. నా నవ్వు నాకే మిగిలింది. ఆ సకినాల్లో నాకో రెండు పెట్టకుండా మూత వేయడం రెండేళ్ళలో అదే మొదటిసారి, నాకు కళ్ళు మండాయి. గోంగూర కారం అనుకుందాం.

కాలిన్ బల్ల

మేము దిగిన ఇల్లు నడిపే ముసలాయన పేరు కాలిన్. చెక్క ఇల్లు, నడిస్తే కిర్రుమంటుంది. ముందు గదిలో కట్టెల పొయ్యి, దాని ముందు పెద్ద బల్ల, బల్ల మీద సగం పేర్చిన జిగ్‌సా ముక్కల బొమ్మ. అక్కడ దిగిన ప్రతివాళ్ళూ ఒక ముక్క అయినా పెట్టి వెళ్ళాలని ఆయన నియమం. "వానొస్తే ఇంతకన్నా పనేముంది?" అన్నాడు.

ఆ బొమ్మ ఏమిటో తెలుసా? ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళే. కొండ దాకా వెళ్ళి కూడా చూడలేకపోయిన రాళ్ళని మేము ఆ సాయంత్రం బల్ల మీద పేర్చుకున్నాం. ఒకే పొయ్యి వెచ్చదనం కాబట్టి ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పలేదు. నాకు ఆకాశం ముక్కలు దొరుకుతుంటే తన వైపు తోశాను. తనకి రాళ్ళ ముక్కలు దొరికితే నా వైపు తోసింది. నేను ముక్కు ఎగబీలుస్తుంటే కాసేపటికి నా మోచేతి దగ్గర అల్లం టీ కప్పు ఒకటి కనపడింది. కాలిన్ పెట్టాడనుకుని థాంక్స్ చెప్పాను. "నేను కాదమ్మా, నా ఇంట్లో అల్లమే లేదు" అన్నాడాయన. రజిత ఎక్కడికి వెళ్ళినా బ్యాగులో అల్లం కొమ్ము పెట్టుకుని తిరిగే మనిషి. తల వంచుకుని ముక్కలు వెతుకుతోంది. టీ తాగాను. బాగుందని చెప్పాలనిపించి, చెప్పలేక, ఖాళీ కప్పు కడిగి పెట్టాను.

తాడు

మర్నాడు తాడు పట్టుకుని కొండ దిగే ఆట. రజితకి సరదా అని నేనే కుదిర్చాను, మంచిగా ఉన్న రోజుల్లో. నేనైతే మేడ మీంచి బట్టలు పడిపోతే వంగి చూడ్డానికి కూడా ఇంకొకర్ని పిలుస్తాను.

నేర్పించే పిల్ల పేరు మెగ్. నడుముకి పట్టీలు బిగించి, పని చెప్పింది. పైన మెగ్ తాడు పట్టుకుంటుంది. కింద ఒకరు తాడు చివర పట్టుకుని పైకి చూస్తూ నిలబడాలి. వాళ్ళు గట్టిగా లాగితే దిగేవాళ్ళు ఎక్కడికక్కడ ఆగిపోతారు. దిగేవాళ్ళు అడగాలి, కిందివాళ్ళు జవాబు చెప్పాలి. మాట లేకుండా దిగడానికి వీల్లేదు.

పైన మెగ్ పట్టుకున్న తాడుతోనే రజిత ముందు దిగింది. బావిలోకి చేద దిగినట్టు హాయిగా దిగిపోయి, కింద తాడు అందుకుంది. నా వంతు వచ్చింది. నేను ఇంగ్లీషులో "రెడీ?" అని అరిచాను. తను ఇంగ్లీషులో "రెడీ!" అంది. ఇంగ్లీషులో మాట్లాడితే మాట్లాడినట్టు కాదని ఇద్దరికీ తెలుసు.

అంచు మీద వీపు లోయకి పెట్టి, వెనక్కి వాలమంది మెగ్. వాలాను. రెండడుగులు దిగాను. మూడో అడుగుకి కాలు జారింది, మోకాలు రాయికి కొట్టుకుంది, నేను గాల్లో వేలాడుతున్నాను. అప్పటికి మంచు విడిపోయింది. ఆ లోయంతా, ఆ నీలమంతా, నిన్న దాక్కున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళతో సహా నా చెప్పుల కిందే ఉన్నట్టుంది. కళ్ళు మూసేసుకున్నాను.

"ప్రభువా! అమ్మా! ఒసే రజితా, నేను చచ్చిపోతానే!"

"ఏం గాదే!" కింది నుంచి వచ్చింది గొంతు. "నేను పట్టుకున్న గదా! ముందుగాల కండ్లు తెరువు."

"తెరవను!"

"నీ ముందటి రాయిని చూడు. లోయను చూడకు. ఎడమ కాలు కిందికి పెట్టు. పెట్టినవా?"

పెట్టాను. కాలికి చిన్న గట్టు తగిలింది. భయం రవ్వంత తగ్గేసరికి దాని కింద అణచిపెట్టుకున్నదంతా పైకి తన్నుకొచ్చింది.

"నాకెందుకు చెప్పలేదే? కొట్టు ఆంటీకి చెప్పావు, నాకెందుకు చెప్పలేదు?"

"గిదా టైమ్? దిగినాక అడుగు!"

"దిగను! చెబితేనే దిగుతాను!"

తాడు ఇంకొంచెం బిగిసింది.

"నేను ఆంటీకి చెప్పలే. సామాను సర్దుకుంటందుకు పాత డబ్బాలు అడిగితే ఆమెనే పట్టేసింది. నీకు చెప్తే నువ్వు ఏడుస్తవ్. నువ్వు ఏడిస్తే నేను పోను. పోకపోతే కొలువు పోతది. గందుకే చెప్పలే. రోజూ రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న." ముక్కు ఎగబీల్చింది. "నాకు మాత్రం పోబుద్ధి అయితుందా?"

పైనుంచి మెగ్ అంతా బాగానే ఉందా అని ఇంగ్లీషులో కేకేసింది. "ఆల్ గుడ్!" అన్నాం ఇద్దరం ఒకేసారి, ఒకళ్ళు పైనా ఒకళ్ళు కిందా ఏడుస్తూ.

దిగాక నేల మీద కూలబడ్డాను. నా పట్టీలు విప్పడం ఎవరికీ చేతకాక, పట్టీలతోనే కావిలించుకున్నాం. "సకినాలు పెట్టలేదు నాకు" అన్నాను. "గోంగూర ఇచ్చినవా నువ్వు?" అంది.

ఎదురెదురు సీట్లు

ఆ మధ్యాహ్నం కటూంబా పెద్దవీధిలో, స్కోన్లనే మెత్తటి రొట్టెలు, జాము, మీగడ, కెటిల్‌తో టీ తీసుకున్నాం. వాళ్ళు తీసుకున్న డబ్బుతో నరసాపురంలో పదిమందికి పెసరట్టు ఉప్మా పెట్టొచ్చు. ముందు జాము రాయాలా మీగడ రాయాలా అన్నదాని మీద పక్క బల్ల దంపతులు గట్టిగా వాదించుకుంటున్నారు. మేము రెండూ కలిపి పిసికి తిన్నాం. పక్క బల్ల వాదన ఠక్కున ఆగిపోయింది.

తిరుగు రైల్లో రజిత సీటు వీపుని నా వైపు తిరిగేలా తోసింది. వెస్ట్‌మీడ్ దాకా మోకాళ్ళు తగిలేలా కూర్చుని మిగిలిన సకినాలు తిన్నాం. ఇస్త్రీ పెట్టె సంగతి అప్పుడు చెప్పాను. కొండలు నేను సరిగా చూడలేదు. మీరు వెళ్తే చూసి రండి, బాగుంటాయట. చేతిలో తిండి ఉంటే మాత్రం పిట్టలు జాగ్రత్త.

మళ్ళీ గడప

శనివారం వచ్చింది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే కారు కింద ఆగి ఉంది. నా ప్రెషర్ కుక్కర్ తనకిచ్చాను, తన అల్లం కొమ్ములు నాకు వదిలింది. వెళ్ళొస్తానంది, సరే అన్నాను. ఏడవనని మాట ఇచ్చాను కాబట్టి పళ్ళు బిగించి నిలబడ్డాను. బ్యాగు భుజాన వేసుకుని ఒక కాలు ఆ ఇనప పట్టీ అవతల పెట్టింది.

నేను తుమ్మాను.

నా జలుబు కొండ మీదే తగ్గిపోయిందని తనకి తెలుసు. వెనక్కి తిరిగి నన్ను పరీక్షగా చూసింది. పరాచికాలు వద్దని కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. కాలు లోపలికి తీసుకుని, చెప్పుల స్టాండు మీద కూర్చుని, నీళ్ళు తాగింది. నేను పక్కన కూర్చున్నాను. బాటిల్ నాకిచ్చింది, నేనూ తాగాను. కింద కారువాడు హారన్ కొట్టాడు. ఇద్దరం లేచాం. మళ్ళీ బ్యాగు ఎత్తింది, మళ్ళీ కాలు బయట పెట్టింది.

ఈసారి తుమ్మింది రజిత. అదేం తుమ్మో! మొద్దుకి నటించడం కూడా రాదు.

"రెండైనయ్" అంది కళ్ళు తుడుచుకుంటూ. "జంట తుమ్ము. ఇగ మంచిదే, పోవచ్చు."

అని, బ్యాగు దింపి మళ్ళీ నా పక్కన కూర్చుంది.